పాత కేబులు, కొత్త ఎస్‌ఎంపీఎస్

కంప్యూటరు చచ్చిపోయిందని ఫోను వస్తుంది. వెళ్ళి చూస్తే చాలాసార్లు చచ్చింది కంప్యూటరు కాదు, దాని వెనక మూలన ఫ్యాను బిగించి ఉండే ఇనప పెట్టె. గోడలోంచి వచ్చే కరెంటును చిన్నచిన్న వోల్టేజీలుగా విడగొట్టి, ఒక్కొక్క భాగానికి దానికి సరిపడినంత పంచేది ఆ పెట్టే. కాగితాల్లో దాన్ని పవర్ సప్లై అంటారు. బిలాస్‌పూర్‌లో మేమంతా ఎస్‌ఎంపీఎస్ అంటాం.

మా నాన్న లోకో షెడ్డులో పనిచేశారు. నేను షెడ్డు గేటు దాటలేదు. ఊళ్ళో కార్ఖానాలుండే సిర్గిట్టిలో ఒక చిన్న మరమ్మతు వర్క్‌షాపులో చేరి, అక్కడే జుట్టు నెరిసి, రెండేళ్ళ కిందట బయటికి వచ్చాను. ఆఫీసులవి, బడులవి, ఇళ్ళవి, ఎన్ని పెట్టెలు మార్చానో లెక్క పెట్టుకోలేదు. ఇప్పుడు మా తెలుగు క్రైస్తవ సంఘంలోనే నలుగురు పిల్లలు ఈ పనిలోకి వచ్చారు. వాళ్ళకు తెలుగు మాట్లాడడం వచ్చు గాని చదవడం కష్టం. ఎవరైనా చదివి వినిపిస్తారనే ధైర్యంతో రాస్తున్నాను. ఈ పని చేతులతో చేసేదని అనుకుని వచ్చాను. సగం నోటితో చేసేదని ఆలస్యంగా తెలిసింది.

గోడ వైపు చూడు

నాకు పని నేర్పింది సన్యాసిరావు మేస్త్రి. విజయనగరం వైపు మనిషి. ఆదివారం నాకు డ్యూటీ వెయ్యొద్దని మొదటి రోజే అడిగానని అప్పటినుంచి నన్ను పాస్టరూ అని పిలిచేవాడు. నేను పాస్టర్ని కాదు, ఆ తర్వాత చాలాకాలానికి సంఘపెద్దనయ్యాను, అంతే. ఆ తేడా అతనికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు.

మా దగ్గర్లోనే గేట్లు, గ్రిల్స్ చేసే ఒక కార్ఖానా ఉండేది. దాని ఆఫీసు కంప్యూటరు రోజుకు నాలుగైదుసార్లు తనంతట తాను ఆగి మళ్ళీ మొదలయ్యేది. నేను వెళ్ళి ఎస్‌ఎంపీఎస్ మార్చాను. వారం తిరక్కుండా మళ్ళీ పిలిచారు. ఇంకా పెద్దది వేశాను. మళ్ళీ పిలిచారు. మూడోసారి మేస్త్రి వెంట వచ్చాడు. స్క్రూడ్రైవరు బయటికి తియ్యలేదు. టీ తెప్పించుకుని కుర్చీలో కూర్చున్నాడు.

"విప్పమంటారా?" అన్నాను.

"నోరు మూసుకుని పైన లైటు సూడు పాస్టరూ."

పక్క షెడ్డులో వెల్డింగు మొదలైంది. ట్యూబులైటు ఒక్కసారి మసకబారింది. కంప్యూటరు ఆగిపోయింది.

"ఎన్ని పెట్టెలు మార్సినావు?"

"రెండు."

"పాపం, అవేటి సేసినాయి నిన్ను? లోపలే సూస్తావేట్రా, కాసేపు గోడ వైపు సూడు."

ఆఫీసుకు వేరే లైను లాగించి, ఎర్తింగు సరిచేయించి, ఒక యూపీఎస్ పెట్టాం. తర్వాత ఆ గొడవ లేదు. ఆ రోజునుంచి ఏ ఇంటికి వెళ్ళినా ముందు ప్లగ్గు పాయింటు కొలిచేవాణ్ణి, ఎర్తింగు చూసేవాణ్ణి, ఇంట్లో మోటారు వేస్తే లైటు ఏమవుతుందో అడిగేవాణ్ణి. రోగి మంచం మీద ఉన్నంత మాత్రాన రోగం ఆ గదిలోనే పుట్టిందనుకోకూడదు.

బరువు చూసి మోసపోవడం

ఎంచుకోవడం గురించి చెప్పాలి. జనం మంచి ప్రాసెసరు కొంటారు, మంచి గ్రాఫిక్స్ కార్డు కొంటారు, చివర్లో మిగిలిన దానితో ఎస్‌ఎంపీఎస్ కొంటారు. ఇది తలకిందుల బేరం. అన్నం వండేవాణ్ణి ఆఖర్న వెతుక్కున్నట్టు.

కంప్యూటరులోని భాగాలన్నీ గట్టిగా పనిచేసేటప్పుడు ఎన్ని వాట్లు తాగుతాయో కూడండి. దాని మీద మూడో వంతయినా ఎక్కువ ఉంచండి. మే నెలలో మన ఊళ్ళో మూసిన గదిలో పెట్టె ఎంత ఉడుకుతుందో తెలుసు కదా. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉన్న అంకెను నమ్మకండి. పక్కన చిన్న అక్షరాల పట్టిక ఉంటుంది. అందులో పన్నెండు వోల్టుల లైను ఎంత మొయ్యగలదో చూడండి, నేటి కంప్యూటర్లు బతికేది ఎక్కువగా దాని మీదే. పట్టికే లేకపోతే ఆ డబ్బాను తిరిగి బల్ల మీద పెట్టేయండి. కంపెనీ ఎన్నేళ్ళు పూచీ ఇస్తుందో చూడండి. రెండేళ్ళు ఇవ్వడానికి జంకేవాడికి తన సరుకు సంగతి మనకంటే బాగా తెలుసు. ఆఫీసుల్లో వాడే కంపెనీ కంప్యూటర్ల విషయంలో మరీ జాగ్రత్త. కొన్నింటి పెట్టె కొలత వేరు, ప్లగ్గూ వేరు. పాతదాన్ని చేత్తో పట్టుకుని వెళ్ళి దానికి సరిపోయేదే తేవాలి.

మా రోజుల్లో ఇంకో గుర్తు ఉండేది. మంచి పెట్టె బరువుగా ఉంటుందని. చేత్తో ఎత్తి చూసి ఇది మంచిది, ఇది తేలిక అనేవాణ్ణి. ఆ విద్య నాకు వచ్చని గర్వం కూడా ఉండేది. ఒకసారి చేతికి బాగా బరువుగా ఉన్న పెట్టెను ఒక బడికి బిగించాను. నెల తిరక్కుండా కాలిపోయింది. మేస్త్రి దాన్ని కొన్నాళ్ళు పక్కన ఉంచి విప్పాడు. మీరు మాత్రం ఎప్పుడూ విప్పకండి, ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా లోపల కెపాసిటర్లలో మనిషిని పడగొట్టేంత కరెంటు దాగి ఉంటుంది. లోపల చూస్తే అరకొర భాగాలు, అడుగున స్క్రూతో బిగించిన ఇనప ముక్క. బరువు కోసం!

"నీ తరాజు బాగా పనిచేసినాది పాస్టరూ" అన్నాడు మేస్త్రి.

దొంగ తూకపురాయి దేవునికి అసహ్యమని నేను చిన్నప్పుడే నేర్చుకున్నాను. నేర్పింది సుగుణ టీచరమ్మ. రైల్వే బడిలో పాఠాలు, మా మందిరంలో ఆదివారం బడి, రెండూ ఆవిడే చెప్పేది. దొంగ రాళ్ళు ఎప్పుడూ అంగడివాడి చేతిలోనే ఉంటాయని ఆ రోజుల్లో అనుకునేవాణ్ణి.

బిగించే ముందు

ప్లగ్గు పీకండి. స్విచ్చి ఆపితే చాలదు. తర్వాత కంప్యూటరు బటన్ను ఒకసారి నొక్కి పట్టుకోండి, మిగిలిన కరెంటు దిగిపోతుంది. ఏ కేబులు ఎక్కడ ఉందో ఫోనుతో ఫొటో తీసుకోండి. బోర్డుకు పెద్ద ప్లగ్గు ఒకటి, ప్రాసెసరు దగ్గర చిన్నది ఒకటి. రెండోదాన్ని మరిచిపోయి కొత్త పెట్టెను తిట్టేవాళ్ళు చాలామంది. దూరని ప్లగ్గును బలవంతంగా నెట్టకండి. ఫ్యానుకు గాలి ఆడే దారి చూడండి, సిర్గిట్టి దుమ్ము గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ ఎవరైనా చెప్తారు. ఈ కింది మాట ఒక్కటే నా సొంతం. దానికి నేను ఇచ్చిన వెల పెద్దది.

కేబుళ్ళు విడిగా తగిలించుకునే రకం పెట్టెలు ఉంటాయి. పాత పెట్టెతో వచ్చిన కేబులు కొత్త పెట్టెకు ప్లగ్గు ఆకారంలో చక్కగా సరిపోతుంది. సరిపోయింది కదా అని తగిలించకండి. ఫైళ్ళు దాచే హార్డు డిస్కు వైపు కొస అన్నింటికీ ఒకటే. పెట్టె వైపు కొసలో ఏ తీగలో ఎంత వోల్టేజీ వస్తుందో ప్రతి కంపెనీకీ వేరు. ఒక్కోసారి అదే కంపెనీ రెండు మోడళ్ళకు కూడా వేరు. పాత కేబుళ్ళన్నీ పీకేసి, కొత్త డబ్బాలో వచ్చినవే వెయ్యండి. ఇది నాకు తెలుసు. తెలిసే చేశాను.

నెహ్రూ నగర్‌లో ఒక గురువారం

మా సంఘంలో యాభై దాటినవాళ్ళు తెలుగు పాటల పుస్తకం పట్టుకుని పాడతారు. పిల్లలు పెదవులు కదుపుతారు. ఇది చూడలేక సుగుణ టీచరమ్మ రిటైరయ్యాక తెలుగు పాటల్ని హిందీ అక్షరాల్లో టైపు చెయ్యడం మొదలుపెట్టింది. పాట తెలుగే, చదివేది హిందీ లిపి. ఆరేళ్ళు పట్టింది. అచ్చు పుస్తకంలోని పాటలు పోతే మళ్ళీ కొట్టుకోవచ్చు. కాని చివర్లో ముప్ఫై పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. రైల్వే పనికి ఈ ఊరు వచ్చిన మొదటి కుటుంబాల ఆడవాళ్ళు తమంతట తాము కట్టుకుని పాడుకున్నవి. ఆవిడ ముసలమ్మల మంచాల పక్కన కూర్చుని, వాళ్ళు పాడుతుంటే రాసుకుంది. పాడినవాళ్ళు ఒక్కరూ లేరిప్పుడు. టైపు అయ్యాక ఆ చేతిరాత కాగితాలను ఇల్లు ఇరుకని చించేసింది. అన్నీ ఆ ఒక్క కంప్యూటరులోనే ఉన్నాయి. ఇంకో కాపీ తీసిపెట్టాలని నాకు చాలాసార్లు అనిపించింది. ఒక్కసారీ తియ్యలేదు.

ఆ కంప్యూటరు భిలాయిలో ఉన్న ఆవిడ మేనల్లుడు ఇచ్చినది. ఖరీదైన సరంజామా. ఒక బుధవారం ఆగిపోయింది. గురువారం మధ్యాహ్నం కొత్త ఎస్‌ఎంపీఎస్ పట్టుకుని నెహ్రూ నగర్‌లో ఆవిడ ఇంటికి వెళ్ళాను.

"వందనాలమ్మా."

"వందనాలు. రా నాయనా దానియేలూ. నిన్న టప్పుమని ఆగిపోయిందిరా. నా పాటలు పోలేదు గదా?"

"పాటలు డిస్కులో ఉంటాయమ్మా. పోయింది కరెంటు పెట్టె. గంటలో లేపేస్తాను."

"గంటలో అనకు. దేవుని చిత్తమైతే అను."

"దేవుని చిత్తమైతే గంటలో."

నవ్వి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

సాయంత్రం తిఫ్రాలో ఒక ఇంట్లో ప్రార్థన కూటం ఉంది. బైబిలు వాక్యం నేనే చెప్పాలి. వెనక రేకు విప్పి చూస్తే కేబుళ్ళు జడలా అల్లి పదిచోట్ల కట్టేసి ఉన్నాయి. బోర్డుకు వెళ్ళే పెద్దవి మార్చాను. డిస్కుకు వెళ్ళేది మరీ లోపలి నుంచి ఉంది. దాన్ని విప్పడానికి అరగంట. కొస చూశాను, కొత్త పెట్టెకు సరిగ్గా దూరింది. కూటానికి ఆలస్యమవుతుందని వదిలేశాను. బటన్ నొక్కాను. చిటుక్కుమంది, అంతే. కమురు వాసన.

"ఏమిట్రా ఆ వాసన?" లోపలి నుంచి టీచరమ్మ.

"ఏం లేదమ్మా. కొత్త పెట్టె గదా, మొదట అలాగే వస్తుంది."

అది మొదటి అబద్ధం. సరైన కేబులు వేసి చూశాను. డిస్కు తగిలిస్తే మెషిన్ లేవదు. తీసేస్తే లేస్తుంది. నేనేం చేశానో ఆ క్షణమే నాకు తెలిసిపోయింది. ఆవిడ టీ కప్పుతో వచ్చి నిలబడింది.

"డిస్కు పాతదమ్మా" అన్నాను. "వేడికి బలహీనపడి ఉంటుంది. నిన్న కరెంటు పెట్టెతోపాటే అదీ పోయింది."

ఆవిడ బల్ల మీదున్న కుట్టుపని గుడ్డను చేతిలోకి తీసుకుంది. "దుమ్ము పడుతుందని దీన్ని కప్పి ఉంచేదాన్ని. దీనివల్లేనా వేడెక్కింది?"

కాదనడానికి ఒక్క మాట చాలు.

"కావచ్చమ్మా" అన్నాను.

డిస్కు జేబులో వేసుకుని తిఫ్రా వెళ్ళి ఆ సాయంత్రం వాక్యం చెప్పాను. బాగా చెప్పానని ఇద్దరు ముగ్గురు అన్నారు కూడా.

బల్ల

తర్వాత వచ్చింది నెల మొదటి ఆదివారం. మా సంఘంలో ఆ రోజు ప్రభువు బల్ల, ఆయన మరణాన్ని తలుచుకుని రొట్టె, ద్రాక్షరసం పంచుకుంటాం. సంఘపెద్దలం ముందు వరసలో కూర్చుంటాం. రొట్టె పళ్ళెం పట్టుకుని ఎడమ వైపు బెంచీలకు వెళ్ళేది నేను. టీచరమ్మ కూర్చునేది అటే. పళ్ళెం ఎత్తే ముందు పాస్టరుగారు కాసేపు ఆగుతారు. పక్కవారికి చేసిన కీడు ఏదైనా మనసులో ఉంటే ముందు దాన్ని సరిచేసుకోండి అంటారు. ఏళ్ళ తరబడి ఆ మౌనంలో నేను గడియారం చూసుకునేవాణ్ణి.

ఆ రోజు లేవలేకపోయాను. పాస్టరుగారు నా వైపు చూశారు. తల అడ్డంగా ఊపాను. ఇంకో పెద్ద లేచి పళ్ళెం అందుకున్నాడు. మా మందిరం చిన్నది. అందరూ చూశారు.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర టీచరమ్మ నన్ను ఆపింది.

"బల్లకు దూరంగా ఉన్నావేమిరా? ఒంట్లో బాగులేదా?"

"మీ డిస్కు వేడికి పోలేదమ్మా. నేను కాల్చాను. పాత కేబులు కొత్త పెట్టెకు తగిలించాను. ఆ రోజే నాకు తెలుసు."

ఆవిడ తొడుక్కోబోతున్న చెప్పును వదిలేసింది. తర్వాత, "అయితే నా గుడ్డ?" అంది.

"గుడ్డకూ దానికీ సంబంధం లేదు."

"మూడు రాత్రులు నిద్ర లేదురా నాకు. ఆ ముసలమ్మలు నన్ను నమ్మి పాడి వెళ్ళారు, నా చాదస్తంతో నేనే చంపేశాననుకున్నాను. పాటలు పోతే ఏడుస్తాను, అది వేరు. నీ తప్పు తెచ్చి నా నెత్తిన పెట్టావు చూడు, అది వేరు."

"క్షమించండమ్మా."

"క్షమిస్తాను. ముందు దాన్ని లేపగలవేమో చూడు. లేవకపోతే లేవలేదని చెప్పు. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పు."

అడగగలిగాక

ఇక్కడ పని గురించి ఒక సంగతి ఉంది, అందుకే ఇదంతా రాస్తున్నాను. ఆ మూడు రోజులూ నేను ఎవర్నీ సలహా అడగలేదు. అడగలేను. ఎవర్నడిగినా మొదటి ప్రశ్న ఒకటే: ఏం చేశావు? అబద్ధం చెప్పినవాడికి ఆ ప్రశ్నకు జవాబుండదు. పాతబడి చచ్చిన డిస్కయితే చెయ్యగలిగింది తక్కువ. వోల్టేజీ తప్పి దెబ్బ తిన్న డిస్కు సంగతి వేరు. అది ఎలా చచ్చిందో దాచితే, అది బతికే దారి కూడా దాచినట్టే.

మందిరం బయటి నుంచే మేస్త్రికి ఫోను చేశాను. అతను అప్పటికే పని మానేసి తిఫ్రాలో ఉంటున్నాడు. అంతా చెప్పాను.

"పాత కేబులేసినావా? నువ్వా? నాను నేర్పిన మనిసివేనా?"

"నేనే."

"సిగ్గు నేదేట్రా? సరే, డిస్కు తగిలిస్తే మెషిన్ లెగట్లేదా, తీసేస్తే లెగస్తందా?"

"అవును."

"అయితే దానమ్మ, బతికున్నాదేమో! పట్రా."

సోమవారం వెళ్ళాను. డిస్కు అడుగున ఉన్న పచ్చ బోర్డు విప్పాడు. కరెంటు వచ్చే చోట బియ్యపు గింజంత నల్ల ముక్క చూపించాడు. అది కాపలా డయోడు. ఎక్కువ వోల్టేజీ వస్తే తాను షార్టయి చచ్చిపోయి, వెనకున్న వాటిమీద దెబ్బ పడకుండా ఆపుతుంది. మీటరు పెట్టాడు. షార్టే. అలాంటి వస్తువును చూస్తే నాబోటివాడికి ఎవరు గుర్తొస్తారో చెప్పనక్కర్లేదు. మేస్త్రి ముందు పైకి అనడానికి మొహమాటపడ్డాను. అతనే అన్నాడు.

"సూడు పాస్టరూ. మీ సామిలాటోడే గదేటి ఈడు?"

డయోడును సోల్డరింగు ఐరనుతో జాగ్రత్తగా ఊడదీశాడు. కాపలా లేని డిస్కు అది, ఇంకొక్క పొరపాటుకు చోటు లేదు. మంచి ఎస్‌ఎంపీఎస్ తీసుకుని, దాని సొంత కేబులు వేసి, ప్రతి పిన్నూ మీటరుతో రెండుసార్లు కొలిచి, అప్పుడు తగిలించాం. స్విచ్చి నన్నే వెయ్యమన్నాడు. వేశాను. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత గిర్రుమని తిరగడం మొదలుపెట్టింది.

పాటలన్నీ మూడు చోట్లకు కాపీ తీశాం. ఎవరికైనా ఇదే చెప్తాను: అలా బతికిన డిస్కును కాపీ తీసుకోవడానికి మాత్రమే వాడాలి, తర్వాత పక్కన పెట్టెయ్యాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. అన్నిసార్లూ ఇలా బతకవు. డయోడుతోపాటు బోర్డంతా కాలిపోయినవి నేను చూశాను. టీచరమ్మ డిస్కు బతికింది నా నిజాయితీకి బహుమానం కాదు. నిజం చెప్పిన తర్వాత అది చచ్చి ఉన్నా నిజం చెప్పాల్సిందే.

సాక్ష్యం

మర్నాడు నెహ్రూ నగర్‌లో కొత్త డిస్కు బిగించి, పాటల ఫైలు తెరిచాను. టీచరమ్మ అచ్చు పుస్తకం పాటల్ని చూడనే లేదు. నేరుగా చివరికి వెళ్ళి, ముప్ఫై పాటలూ ఒక్కొక్కటే పెదవులతో చదువుకుంది. కొన్నింటి దగ్గర పాడినామె పేరు చెప్పింది. నేను పక్కన స్టూలు మీద కూర్చున్నాను, లేవలేదు.

అయ్యాక, "ఆదివారం సాక్ష్యం చెప్తావా?" అంది.

మా ఆరాధనలో పాటల తర్వాత ఎవరైనా లేచి, ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకోవచ్చు. చెప్తానన్నాను.

"దేవుడు డిస్కు లేపాడని చెప్పకు. అలాంటివి అందరూ చెప్తారు. నువ్వు నాకేం చెప్పావో అది చెప్పు."

ఆదివారం లేచి నిలబడ్డాను. కేబులు సంగతి, వాసన సంగతి, గుడ్డ సంగతి, ఆ సాయంత్రం నేను చెప్పిన వాక్యం సంగతి, అన్నీ చెప్పాను. పిల్లలకు అర్థం కావాలని మధ్యలో హిందీలో కూడా చెప్పాను. ఎవరూ ఆమెన్ అనలేదు. కూర్చున్నాను.

అందరూ వెళ్ళిపోయాక రూతు మెట్ల దగ్గర నిలబడి ఉంది. ఒక కంప్యూటరు షాపులో రెండేళ్ళుగా పనిచేస్తున్న పిల్ల, చెయ్యి మంచిది.

"అంకుల్, ఏక్ బాత్ చెప్పాలి."

"చెప్పమ్మా."

"నేను కూడా సేమ్ గల్తీ చేశాను. పోయినేడు. తిఫ్రాలో కోచింగ్ నడిపే ఒక సర్ కంప్యూటర్. డిస్క్ నా చేతిలోనే పోయింది. ఆయనతో మీ ఇంటి వైరింగ్ ఖరాబ్ ఉంది, అందుకే పోయిందని చెప్పేశాను. ఆయన నమ్మేసి ఇల్లంతా కొత్త వైరింగ్ చేయించారు అంకుల్."

"ఆయన డిస్కు పారేశారా?"

"లేదు, పెట్టుకున్నారు. దాంట్లో వాళ్ళ అమ్మ ఫొటోలు ఉన్నాయంట. ఆవిడ లేరు."

"ఆయన నెంబరు ఉందా?"

"ఉంది. లేకిన్ మా షాప్ వాళ్ళు ఊరుకోరు. నౌకరీ పోతే?"

పోదని నేను చెప్పలేను. పోవచ్చు. అదే చెప్పాను. డిస్కు లేస్తుందని కూడా మాట ఇవ్వలేనన్నాను. మేస్త్రి ఇల్లు మాత్రం తిఫ్రాలోనే, నేను తోడు వస్తానన్నాను.

ఫోను తీసి ఆయన నెంబరు వెతికింది. తర్వాత గేటు దాకా నడిచి, నాకు వీపు తిప్పి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"నమస్తే సర్, మై రూత్ బోల్ రహీ హూఁ" అని హిందీలో తన పేరు చెప్పుకోవడం వినిపించింది. తర్వాతి మాటలు నేను వినవలసినవి కావు. లోపలికి వచ్చి బెంచీలు సర్దడం మొదలుపెట్టాను.